గోడ మీద గురువు

చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో బంగారుపాళ్యం దగ్గర బస్సు దిగి, ఏ బట్టల అంగట్లోనైనా బనీను అడిగి చూడండి. అంగడాయన ముందుగా వేసే ప్రశ్న ఒకటే: "చేతులుండేదా, శాండోనా?" మామిడి కాలంలో మార్కెట్ యార్డులో తోతాపురి రాశుల మధ్య తట్టలెత్తే కూలీ ఒంటి మీద ఉండేది శాండో. రహదారి పక్కన లారీ ఆపి టీ తాగే డ్రైవరు ఒంటి మీదా అదే. అటు తమిళం, ఇటు కన్నడం, నడుమ తెలుగు మాట్లాడే ఈ సరిహద్దు సీమలో చేతుల్లేని బనీనుకు వేరే పేరు వెతుక్కోవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

ఆ శాండో ఒక మనిషి. 1867లో అప్పటి ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఫ్రీడ్‌రిష్ విల్‌హెల్మ్ ముల్లర్. వస్తాదుగా ఊరూరా తిరిగే రోజుల్లో యూజెన్ శాండో అయ్యాడు. 1894 మార్చి 6న అమెరికాలోని వెస్ట్ ఆరెంజ్‌లో, థామస్ ఎడిసన్ కట్టించిన నల్లటి తారు కాగితపు స్టూడియోలో ఆయన కెమెరా ముందు నిలబడి కండలు బిగించి చూపాడు. కెమెరా పని డబ్ల్యు.కె.ఎల్. డిక్సన్‌ది. నిమిషం కూడా నిండని ఆ బొమ్మను, అదే ఏడు ఏప్రిల్‌లో న్యూయార్క్ బ్రాడ్‌వే వీధిలో, పెట్టెకు కన్ను ఆనించి ఒక్కొక్కరే చూసే యంత్రాల్లో ప్రదర్శించారు. సినిమా అనే మాట జనం నోట ఇంకా పడకముందే కసరత్తు సినిమాకెక్కింది.

శాండో పేరు అంతకుముందే గోడలకెక్కింది. ఆయన ప్రదర్శనలు నడిపించిన ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్‌కు పోస్టరు విలువ బాగా తెలుసు. సిన్సినాటిలోని స్ట్రోబ్రిడ్జ్ లితో కంపెనీ అచ్చువేసిన శాండో పోస్టర్లు ఇప్పటికీ అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉన్నాయి. ఒకదానిలో ఆయన ఎత్తేది మామూలు ఇనుప గుండు కాదు, రెండు కొసలా మనుషులు కూర్చున్న పెద్ద డంబెల్. నూట ముప్పై ఏళ్ల కిందటి ఆ రంగుల కాగితాన్ని ఇవాళ చూసినా భుజం బిగుసుకుంటుంది. 1904, 1905లలో శాండో మన దేశానికే వచ్చి ఊరూరా ప్రదర్శనలిచ్చాడు. కసరత్తు పాఠాలను, పటాలను, పరికరాలను పోస్టులో అమ్మే వ్యాపారం కూడా పెద్దయెత్తున నడిపాడు. గురువు ఎక్కడో ఉంటాడు, ఆయన బొమ్మ మన గోడ మీద ఉంటుంది, దాన్ని చూసి నేర్చుకోవాలి. ఈ పద్ధతిని ఇంటింటికీ తీసుకుపోయిన వాళ్లలో మొదటివరసలో ఉండవలసినవాడు శాండో.

తెలుగువాళ్లకు ఇది కొత్త. మనకు ఒంటి విద్య నేర్పేది గరిడీ. మట్టి తవ్వి, నూనె పోసి, మెత్తగా చేసిన నేల మీద గురువు పట్టు వేసి చూపిస్తాడు. శిష్యుడు దెబ్బ తిని నేర్చుకుంటాడు. దండీలు, బస్కీలు, సంగడీలు, గదలు, కర్రసాము ఏదైనా చేయి చేయి తగిలితేనే వచ్చే విద్య. తెలంగాణలో తాలింఖానా అన్నా, రాయలసీమలో గరిడీ అన్నా రివాజు ఇదే. అలాంటి విద్యను తాకకుండా, అడగకుండా, దూరం నుంచి కంటితో పట్టుకోవచ్చునని మూకీ సినిమా చెప్పింది. ఆ మాటను బజారుకు చేర్చింది పోస్టరు. ఆటలు నేర్పిన ఆ తొలినాటి ఫిల్ముల కథ, వాటి కాగితపు గుర్తుల కథ తెలుగులో ఎవరూ తీరుబడిగా చెప్పుకోలేదు. చెప్పుకోవలసిన కథ అది.

కదిలే బొమ్మ మొదట వినోదం కోసం పుట్టలేదు. ఫ్రాన్సులో ఎతియెన్ జూల్స్ మారే అనే శరీర శాస్త్రవేత్త 1882లో పారిస్ శివార్లలో ఒక పరిశోధన స్థలం ఏర్పాటు చేసి, నడిచే మనిషిని, దూకే మనిషిని, ఎగిరే పక్షిని క్షణాలుగా ముక్కలు చేసి ఫొటోలు తీశాడు. ఆయన దగ్గర పనిచేసిన జార్జ్ డెమెనీ వ్యాయామ విద్యలో మనసున్న మనిషి. పరుగులో పాదం ఎప్పుడు నేల తాకుతుంది, దూకేటప్పుడు మోకాలు ఎంత వంగుతుంది అన్నవి కంటికి అందని సంగతులని, కెమెరా వాటిని పట్టి ఇస్తే వ్యాయామ పాఠాన్నే కొత్తగా రాయవచ్చునని ఆయన నమ్మాడు. అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1887లో అచ్చువేసిన 781 పలకల సంపుటాల్లో పరుగుపందెగాళ్లు, కుస్తీ పట్టేవాళ్లు, క్రికెట్ బ్యాటు ఊపేవాళ్లు కూడా ఉన్నారు. 1900లో పారిస్‌లో ఒలింపిక్స్ జరిగినప్పుడు మారే బృందం అమెరికా ఆటగాళ్ల దూకుళ్లను, ఇనుప గుండు విసుళ్లను ఫిల్ము మీదికెక్కించింది. గెలిచినవాడు ఎలా గెలిచాడో కళ్లతో చూడాలన్న ఆశే ఆ పనికంతా మూలం.

తర్వాత వచ్చింది నెమ్మది కదలిక. ఆస్ట్రియాలో ఆగస్ట్ ముస్గర్ అనే చర్చి పూజారి, భౌతికశాస్త్రం పాఠాలు చెప్పేవాడు, 1904లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. కిటుకు చిన్నదే. మామూలుకన్నా ఎన్నో రెట్లు వేగంగా ఫిల్ము తిప్పి బొమ్మ తీసి, మామూలు వేగంతో తెర మీద వేస్తే కదలిక సాగిపోయి కనిపిస్తుంది. టెన్నిస్ బంతిని రాకెట్టు తాకే ఆ రెప్పపాటు ఒక్కసారిగా విప్పారుతుంది. ఆటలు నేర్పాలనుకున్న వాళ్లకు ఇది వరంలా దొరికింది. 1913లో అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ బేస్‌బాల్ ఆటను ఫిల్ము తీసి, ఆటగాడి చేతిలో వృథాగా పోయే కదలికలేమిటో లెక్కవేయబోయాడు. అంతకుముందే, 1907లో, ఇంగ్లండులో ఈడిత్ గ్యారుడ్ అనే మహిళ దారిదోపిడీగాళ్లను జుజుత్సు పట్లతో మట్టికరిపించే చిన్న ఫిల్ములో కనిపించింది. ఓటు హక్కు కోసం వీధికెక్కిన ఆడవాళ్లకు ఆత్మరక్షణ నేర్పింది ఆమే.

ఇక అచ్చంగా పాఠం చెప్పిన మూకీ ఏదంటే ముందు తలచుకోవలసింది జర్మనీలోని ఫ్రైబర్గ్ ఊరినే. ఆర్నల్డ్ ఫాంక్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు స్నేహితులతో కలిసి కొండలు, ఆటల ఫిల్ములకే ఒక కంపెనీ పెట్టాడు. 1920లో తీసిన ఫిల్ముకు వాళ్లు పెట్టిన పేరుకు తెలుగు 'మంచుచెప్పుల మహిమ'. ఆస్ట్రియాలో ఆర్ల్‌బర్గ్ కొండల నుంచి వచ్చిన హానెస్ ష్నైడర్ స్కీలు తొడిగి మంచు వాలు మీద ఎలా వంగాలో, బరువు ఏ కాలి మీద వేయాలో ఒంటితోనే చెప్పాడు. ఆ ఫిల్ములోని బొమ్మలను వరసగా పేర్చి 1925లో పుస్తకం కూడా వేశారు. 1930లో ష్నైడర్‌ను జపాను పిలిపించుకుంది. బొమ్మలో ఎరిగిన గురువును అక్కడి జనం నేరుగా చూసుకున్నారు.

1925లోనే జర్మనీలో ఊఫా సంస్థ 'బలానికీ అందానికీ మార్గాలు' అని అర్థం వచ్చే పేరుతో పూర్తి నిడివి విద్యాచిత్రం విడుదల చేసింది. దర్శకుడు విల్‌హెల్మ్ ప్రాగర్. యుద్ధంలో చితికిపోయిన జాతికి వ్యాయామం, నాట్యం, ఆటలు, గాలీ వెలుతురూ మందులని చెప్పిన చిత్రమది. ఆ బలం మోజు తర్వాతి పదేళ్లలో జర్మనీలో ఎటు తిరిగిందో లోకానికి తెలుసు. ఒంటి అందాన్ని పొగిడే ప్రతి పోస్టరూ అమాయకమైనది కాదన్న ఎరుక ఇక్కడ అవసరం.

పోస్టరు చేసేవాడి కష్టం సినిమా తీసేవాడి కష్టానికి సరిగ్గా ఎదురు. సినిమాకు కదలిక ఉంది. కాగితానికి లేదు. ఆటను చెప్పాలంటే ఆటను ఆపాలి. ఏ క్షణంలో ఆపాలి? ఈతగత్తె నీళ్లను తాకిన తర్వాతా, గట్టు మీద నుంచి కాళ్లు లేచిన క్షణంలోనా? బ్యాటు వెనక్కి ఎత్తినప్పుడా, బంతి తగిలాకా? మంచి చిత్రకారుడు తాకడానికి ముందున్న క్షణాన్ని ఎంచుకుంటాడు. మిగతాది చూసేవాడి ఒళ్లు పూర్తిచేస్తుంది. శాండో పోస్టరులో డంబెల్ ఇంకా పైకి లేస్తూనే ఉంటుంది. అందుకే దాని ముందు నిలబడ్డ మనిషి భుజం బిగుసుకుంటుంది.

అచ్చువేసే పని కూడా ఒక రకం కసరత్తే. నున్నగా అరగదీసిన సున్నపురాతి పలక మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీస్తారు. రాతిని తడిపి సిరా పూస్తే, తడిసినచోట సిరా అంటదు, జిడ్డు ఉన్నచోట అంటుతుంది. దాని మీద కాగితం పెట్టి ఒత్తుతారు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఆరు రంగుల పోస్టరంటే ఆరు రాళ్లు, ఆరుసార్లు ఒత్తడం, ప్రతిసారీ గీత తప్పకుండా కాగితం కూర్చడం. అమెరికాలో మామూలు సినిమా పోస్టరు 27 అంగుళాల వెడల్పు, 41 అంగుళాల పొడవు. దాన్ని మూడింతలు, ఆరింతలు చేసి గోడలు నింపేవారు. మన దేశంలో స్థిరపడిన కొలత 30 అంగుళాలకు 40. రాతి అచ్చు మనకు పరాయిదేమీ కాదు. తెలుగిళ్ల గోడల మీద వెలసిన రవివర్మ లక్ష్మీ సరస్వతులు ఆ విద్య ఫలమే. రవివర్మ ప్రెస్సుకు పనిచేసిన దాదాసాహెబ్ ఫాల్కే తర్వాత సినిమా తీశాడు.

పాఠం చెప్పే పోస్టరుకూ కథ చెప్పే పోస్టరుకూ నడుమ నిలిచిన మనిషి ఆనెట్ కెల్లర్‌మన్. 1886లో సిడ్నీలో పుట్టిన ఈ ఆస్ట్రేలియా అమ్మాయికి చిన్నప్పుడు కాళ్లు బలహీనం. ఇనుప కట్లు వేసి నడిపించారు. కాళ్లు గట్టిపడాలని ఈత నేర్పిస్తే ప్రపంచానికే ఈత నేర్పే స్థితికి ఎదిగింది. 'నెప్చూన్స్ డాటర్' 1914లో, 'ఎ డాటర్ ఆఫ్ ది గాడ్స్' 1916లో వచ్చాయి. ఈత ఎలా నేర్చుకోవాలో చెప్పే పుస్తకం 1918లో రాసింది. రెండో సినిమా రీళ్లు ఇప్పుడు లోకంలో ఎక్కడా లేవు. పోస్టర్లు, ఫొటోలే మిగిలాయి. ఒకప్పుడు ఎంతోమంది చూసిన ఈత ఇవాళ కాగితం మీద మాత్రమే ఈదుతోంది.

మనవాళ్ల విషయంలో సినిమాకూ ఆటకూ బంధం మొదటి అడుగులోనే పడింది. 1897లో మన క్రికెటరు రంజిత్‌సింహ్‌జీ ఆస్ట్రేలియా పర్యటనలో ఉండగా, సిడ్నీలో వలల మధ్య ఆయన బ్యాటింగు సాధన చేయడాన్ని ఫిల్ము తీశారు. మిగిలిన క్రికెట్ ఫిల్ముల్లో అంత పాతది మరొకటి లేదు. ఆడిన మ్యాచి కాదు, చేసిన సాధన. బ్యాటు పట్టాలనుకునే కుర్రాడికి అంతకన్నా మంచి పాఠముందా?

రెండేళ్లకు, 1899లో, బొంబాయిలో హరిశ్చంద్ర సఖారామ్ భాట్వడేకర్ ఇంగ్లండు నుంచి తెప్పించిన కెమెరాతో హ్యాంగింగ్ గార్డెన్స్‌లో ఒక కుస్తీ పోటీని చిత్రించాడు. పుండలీక్ దాదా, కృష్ణ నావి అనే ఇద్దరు మల్లులు తలపడ్డారు. భారతీయుడు తీసిన మొదటి ఫిల్ము దేవుడి కథ కాదు, రాజు కథ కాదు, మట్టిలో పట్టు. ఈ మాట మన సినిమా చరిత్రలు మొదటి పేజీలో చెప్పి రెండో పేజీలో మరిచిపోతాయి. ఆ మరుపు సరికాదు.

పాఠం చెప్పాలన్న తపన ఫాల్కేకీ ఉంది. 'రాజా హరిశ్చంద్ర' కంటే ముందే బఠానీ మొక్క మొలకెత్తి పెరగడాన్ని రోజుల తరబడి కొంచెం కొంచెంగా చిత్రించి చూపాడు. 1913లో హరిశ్చంద్రుడి ప్రకటనల్లో నటుల పేర్ల కన్నా ముందు ఎన్ని వేల ఫొటోలు, ఎన్ని మైళ్ల ఫిల్ము, ఎన్ని అణాల టిక్కెట్టు అన్న లెక్క చెప్పి జనాన్ని రప్పించాడు. బొమ్మలతో రప్పించే విద్య కొల్హాపూర్‌లో పుట్టింది. బాబూరావు పెయింటర్ మొదట నాటకాల తెరలు చిత్రించిన మనిషి. తన చిత్రాలకు తానే పోస్టర్లు గీశాడు. 1924 నాటి 'కల్యాణ్ ఖజినా' పోస్టరును ఇప్పటికి మిగిలిన భారతీయ సినిమా పోస్టర్లలో అతి పాతదిగా చెబుతారు. కొల్హాపూర్ అంటే కుస్తీ తాలింఖానాల ఊరు కూడా. ఒకే ఊరి గాలిలో మల్లుడూ, పోస్టరు చిత్రకారుడూ ఎదగడం వింతేమీ కాదు. ఇద్దరికీ కండ తెలుసు.

తెలుగువాళ్ల వంతు మచిలీపట్నంలో మొదలవుతుంది. 1869లో అక్కడ పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫొటో స్టూడియో పెట్టుకొని బతుకుతూ, 1910 ప్రాంతంలో ముప్పై వేల రూపాయలు పోసి ధ్వనిపెట్టెతో కూడిన బొమ్మల యంత్రం తెప్పించాడు. ఆ రోజుల్లో ముప్పై వేలంటే ఒక ఊరి పొలాల ధర. డేరా వేసి ఊరూరా తిరిగాడు. మద్రాసులో గెయిటీ థియేటరు కట్టాడు. కొడుకు ప్రకాశ్‌ను సినిమా విద్య కోసం విదేశాలకు పంపాడు. తండ్రీకొడుకుల స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ నుంచి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' వచ్చింది. దాని ఫిల్ము ఇవాళ లేదు. తెలుగువాడు తీసిన మొదటి కథాచిత్రాన్ని తెలుగువాడు చూడలేడు.

డేరా సినిమాకు పోస్టరొక్కటే సరిపోయేది కాదు. పగలు ఎద్దుబండికి రెండు వైపులా రంగుబొమ్మల పలకలు కట్టి, ముందు డప్పు, వెనక కరపత్రాలు పంచే మనిషితో ఊరంతా తిప్పేవారు. చదువు రానివాడు బొమ్మ చూసేవాడు, వచ్చినవాడు నోటీసు చదివి పక్కవాడికి చెప్పేవాడు. రాత్రి తెర పక్కన వ్యాఖ్యాత నిలబడి గొంతెత్తి కథ చెప్పేవాడు. తెర మీద అక్షరాల అట్టలు తెలుగు, తమిళం, హిందీ, ఇంగ్లీషుల్లో ఒకదాని కింద ఒకటి వచ్చేవి. మూడు భాషలు కలిసే బంగారుపాళ్యం లాంటి సీమకు మూకీ కన్నా సరిపడే సినిమా లేదు. కుస్తీ పట్టుకు అనువాదం అక్కరలేదు కదా! 1932 ఫిబ్రవరి 6న 'భక్త ప్రహ్లాద' తెలుగులో మాట్లాడింది. అది పండుగే. కానీ ఒక్క రీలు నాలుగు భాషల వాళ్లను ఒకే డేరాలో కూర్చోబెట్టిన కాలం దాంతో ముగింపుకొచ్చింది.

ఆ డేరాల్లో కుర్రాళ్లను ఊపేసినవి అమెరికా సీరియల్ చిత్రాలు. సర్కస్ నుంచి వచ్చిన ఎడ్డీ పోలో దూకుళ్లు, ఎల్మో లింకన్ కండలు మద్రాసు వీధుల్లో ఇంటింటి మాటయ్యాయి. పుదుక్కోట్టైకి చెందిన నాగలింగం అనే కసరత్తు కుర్రాడు బొంబాయి చేరి 1922లో మూకీల్లో అడుగుపెట్టాడు. తెర మీద ఆయన పేరు రాజా శాండో. ఎడిసన్ పెట్టెలోని పేరు మన నటుడి నుదుట చేరడానికి ముప్పై ఏళ్లు కూడా పట్టలేదు.

ఆ కాలంలో తెలుగువాళ్ల స్వంత పోస్టరు బొమ్మ ఎవరంటే కోడి రామ్మూర్తి నాయుడే. 1882లో ఇప్పటి ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టాడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. పొట్టి పంతులు అనే మిత్రుడి ప్రోత్సాహంతో సర్కస్ కంపెనీ పెట్టాడు. రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకోవడం, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచడం, రెండు వైపులా లాగే కార్లను కదలనివ్వకపోవడం ఆయన ప్రదర్శనలు. మాంసం ముట్టడు. తన బలమంతా ప్రాణాయామమే అనేవాడు. లండన్‌లో ఐదో జార్జి దంపతుల ముందు ప్రదర్శన ఇచ్చి 'ఇండియన్ హెర్క్యులిస్' అనిపించుకున్నాడు. ఉత్తరాదికి ఆయన ప్రొఫెసర్ రామ్మూర్తి, మనకు కలియుగ భీముడు. శాండోకు జీగ్‌ఫెల్డ్ ఉన్నాడు, ఎడిసన్ ఉన్నాడు, స్ట్రోబ్రిడ్జ్ రాళ్లున్నాయి, కాగితాన్ని దాచిన గ్రంథాలయం ఉంది. రామ్మూర్తికి మనం ఇచ్చుకున్నది విశాఖ సముద్రతీరంలో ఒక విగ్రహం, శ్రీకాకుళంలో ఒక మైదానానికి పేరు, తాతల నోట పురాణంలా సాగే కథలు. 1942లో ఆయన ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశాడు. బలంలో శాండోకు తీసిపోని మనిషి గుర్తులో ఇంత వెనకబడడానికి కారణం కండ కాదు, కాగితం.

బంగారుపాళ్యం నుంచి పడమటికి పోతే పలమనేరు, ముళబాగిలు దాటి కోలారు. ఆ ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్న కోలారు వెంకటేశ అయ్యర్, అందరికీ కె.వి. అయ్యర్, బెంగళూరులో హెర్క్యులిస్ వ్యాయామశాల నడిపాడు. 1930లో 'మజిల్ కల్ట్' పుస్తకం వేశాడు. సూర్య నమస్కారాలనూ బరువులనూ కలిపి పోస్టు ద్వారా పాఠాలు పంపాడు. శాండో పద్ధతిని దేశీ ఒంటికి కుట్టి తొడిగిన దర్జీ అనాలి ఆయన్ని. మహారాష్ట్రలోని ఔంధ్ రాజా భవాన్‌రావ్ పంత్ ప్రతినిధి ఇంకొక అడుగు వేశాడు. సూర్య నమస్కారాల మీద పుస్తకం రాశాడు, ఒక్కో భంగిమను వరసగా చూపే గోడపటం వేయించాడు, మూకీ ఫిల్ము కూడా తీయించాడు. ఆటలు నేర్పే ఫిల్ము, దాని పక్కన గోడ మీది బొమ్మ అన్న జంట మన నేల మీద కుదిరిన చోటు ఏదంటే ఔంధ్‌నే చూపాలి. ఆ గోడపటాల సంతతే ఇవాళ బడి గోడల మీద, యోగా తరగతుల్లో వేలాడుతున్న పన్నెండు బొమ్మల సూర్య నమస్కారాల చార్టు.

1938లో మైసూరులో తిరుమలై కృష్ణమాచార్య, ఆయన కుటుంబం, శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్ ఆసనాలు వేస్తుండగా ఫిల్ము తీశారు. టాకీలు వచ్చి ఏడేళ్లైనా అందులో మాట లేదు. ఊపిరితో పాటు ఒళ్లు ఎలా మలుపు తిరుగుతుందో చూపడమే దాని పని. అదృష్టవశాత్తూ ఆ ఫిల్ము నిలిచింది. ప్రపంచంలో యోగా నేర్పేవాళ్లు ఇవాళ్టికీ దాన్ని ఆపి ఆపి చూస్తారు. మద్రాసు వైపు చూస్తే, అక్కడ 1920లో హ్యారీ క్రో బక్ నెలకొల్పిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల నుంచి బయటికొచ్చిన డ్రిల్లు మాస్టర్లు దక్షిణాది బడుల్లో వాలీబాల్, బాస్కెట్‌బాల్ నేర్పారు. మద్రాసుకూ మైసూరుకూ నడుమ దారిలో ఉన్న ఊళ్లు ఈ రెండు గాలులనూ పీల్చాయి.

మాటలు వచ్చాక పాఠాల ఫిల్ములు ఆగలేదు. 1931లో గోల్ఫ్ వీరుడు బాబీ జోన్స్ 'హౌ ఐ ప్లే గోల్ఫ్' పేరుతో వార్నర్ సంస్థకు పన్నెండు చిన్న చిత్రాలు చేశాడు. చాలా చిత్రాలకు ఒక్కో కర్ర పేరు, అన్నింటికీ వరస నెంబరు. జేమ్స్ కాగ్నీ లాంటి తారలు శిష్యుల వేషం వేశారు. క్రీడాకారుడి ముఖానికి బజారులో ఎంత విలువో మన సి.కె. నాయుడు కూడా చూపాడు. బందరు మూలాలున్న తెలుగు కుటుంబంలో నాగపూర్‌లో పుట్టిన ఆయన 1926 డిసెంబరులో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. జట్టు మీద పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేశాడు. 1941లో ఒక లివరు టానిక్కు ప్రకటనలో కనిపించి, సరుకుకు పేరిచ్చిన మొదటి భారత క్రికెటరుగా గుర్తుండిపోయాడు.

ఇంత జరిగింది. మరి మిగిలిందెంత? అమెరికాలో తయారైన 10,919 మూకీ కథాచిత్రాల్లో అసలు రూపంలో పూర్తిగా దొరికేవి నూటికి పద్నాలుగేనని 2013లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అధ్యయనం తేల్చింది. మన దేశంలో సుమారు 1,300 మూకీలు తీస్తే, ముక్కలతో కలిపి మిగిలినవి ముప్పైకి అటూ ఇటూ. ఆ కాలపు నైట్రేట్ ఫిల్ము త్వరగా అంటుకుంటుంది, అంటుకోకపోతే కుళ్లి పొడవుతుంది. వెండి కోసం కరిగించినవీ ఉన్నాయి. దక్షిణాదిలో మిగిలిన 1933 నాటి 'మార్తాండ వర్మ' బతికిన తీరు చూడండి. నవల హక్కుల మీద ప్రచురణకర్త కోర్టుకెక్కి ప్రదర్శన ఆపించాడు. స్వాధీనం చేసుకున్న రీళ్లు ప్రచురణకర్త దగ్గరే ఉండిపోయాయి. నలభై ఏళ్ల తర్వాత పూణే ఆర్కైవు వాటిని తెచ్చుకుంది. కొట్లాట లేకపోతే ఆ సినిమా కూడా పొడే.

పోస్టరుకు ఆ భాగ్యం కూడా తక్కువ. గోడ మీద అంటించిన కాగితం మళ్లీ కాగితంగా రాదు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటిస్తూ పోతే, ఏడాది తిరిగేసరికి గోడకు అట్టలా పేరుకుంటుంది. వాన పడితే మేకలు వచ్చి పీకుతాయి. బంగారుపాళ్యం సంత గోడ మీద ఇవాళ ఒక పొర పీకి చూస్తే నిన్నటి సినిమా కనిపిస్తుంది, దాని కింద మొన్నటి ఎన్నికల అభ్యర్థి. అంటించకుండా మిగిలిన కాగితాలే చరిత్రకు దక్కుతాయి. థియేటరు మేనేజరు బల్ల సొరుగులో మడిచిపెట్టినది, ప్రెస్సువాడు నమూనాగా దాచుకున్నది, పిల్లాడు లెక్కల పుస్తకానికి అట్ట వేసుకున్నది, అవ్వ ట్రంకు పెట్టె అడుగున చీరల కింద పరిచినది.

అలాంటి పెట్టె మీ ఇంట్లోనూ ఉండవచ్చు. తాత డ్రిల్లు మాస్టరైతే, డేరా సినిమాకు గేటు కాపలా కాసిన మనిషైతే, గరిడీ నడిపిన వస్తాదైతే ఇంకా గట్టిగా వెతకండి. కసరత్తు పటం, సర్కస్ నోటీసు, మూకీ కరపత్రం, వ్యాయామశాల పాఠం, ఏది దొరికినా మడతలు బలంగా విప్పకండి. సెల్లో టేపు అంటించకండి. లామినేషన్ అసలే వద్దు, అది కాగితాన్ని లోపలే పాడుచేస్తుంది. పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడని చోట ఫొటో తీయండి. ఎవరిది, ఏ ఊళ్లో దొరికింది, ఇంట్లో ఎప్పటి నుంచి ఉందో వేరే కాగితం మీద పెన్సిలుతో రాసి జతపరచండి. పూణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవు సినిమాలతో పాటు పోస్టర్లు, పాటల పుస్తకాలు, కరపత్రాలు కూడా సేకరిస్తుంది. చెన్నైలోని రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం పాత అచ్చు కాగితాలకు పెట్టింది పేరు, చిత్తూరు నుంచి ఒక పూట ప్రయాణం. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనంలో పాత తెలుగు పత్రికలున్నాయి. వాటి ప్రకటనల పేజీలను ఓపికగా తిరగేసే విద్యార్థి ఒక్కరు చాలు, మన మూకీ కాలపు ఆటల చరిత్రకు మొదటి జాబితా తయారవుతుంది. ముందు మాత్రం అటక మీది పెట్టె దించండి. ఈ ఆదివారమే.